కాలనీ పార్కుకు డబ్బు ఎలా కూడగట్టాలి: వనభోజనాలు, మొక్కల సంత, నెల చందాలలో దేనిని ఎప్పుడు ఎంచుకోవాలి

కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో పార్కు మాట వచ్చినప్పుడల్లా చర్చ ఒకే తీరుగా సాగుతుంది. ఊయల గొలుసు తెగిందని ఒకరు, బోరు మోటారు కాలిపోయిందని మరొకరు, మాలికి రెండు నెలల జీతం బాకీ ఉందని ఇంకొకరు చెబుతారు. వెంటనే ఎవరో ఒకరు "ఏదైనా కార్యక్రమం పెడదాం, డబ్బులు అవే వస్తాయి" అంటారు. హైదరాబాద్‌లోని ఒక కాలనీ సంఘానికి కొన్నేళ్లపాటు కోశాధికారిగా పనిచేసిన నేను కూడా మొదట్లో అలాగే అనుకున్నాను. కార్యక్రమాలు జరిపి, రసీదు పుస్తకాలు ముందు పెట్టుకుని లెక్కలు కట్టిన తరువాత తెలిసిందేమంటే, ఏ కార్యక్రమం పెట్టాలన్న ప్రశ్న కంటే ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది. పార్కుకు కావలసిన డబ్బు ఒక్కసారి కావలసినదా, లేక ప్రతి నెలా కావలసినదా అన్నదే ఆ ప్రశ్న. దీనికి జవాబు తేలితే మిగిలిన ఎంపికలు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

ఊయలలు, బెంచీలు, నడక దారి, వ్యాయామ పరికరాలు, పిల్లల ఆటస్థలంలో ఇసుక వంటివి ఒక్కసారి అవసరాలు. మాలి జీతం, మోటారు కరెంటు, ఎరువు, గడ్డి కోత, చిన్నచిన్న మరమ్మతులు నెలనెలా వచ్చేవి. మన నగరాలలో పార్కులు పాడుబడేది ఎక్కువగా ఈ రెండో కోవ ఖర్చుకు దిక్కులేకనే. ప్రారంభోత్సవం నాడు కళకళలాడిన పార్కు రెండు వేసవులు గడిచేసరికి ఎండిన గడ్డితో, తుప్పు పట్టిన జారుడుబల్లతో మిగిలిందంటే, దానిని కట్టే డబ్బు దొరికిందనీ పోషించే డబ్బు దొరకలేదనీ అర్థం.

డబ్బు లెక్కకు ముందు చూసుకోవలసినది మరొకటి ఉంది. కాలనీలోని పార్కు కాలనీ సంఘం సొత్తు కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో లేఅవుట్‌కు అనుమతి పొందేటప్పుడు మొత్తం విస్తీర్ణంలో పది శాతం స్థలాన్ని ఉమ్మడి ఖాళీ స్థలంగా విడిచి స్థానిక సంస్థకు అప్పగించాలన్న నిబంధన ఉంది. మన కాలనీ పార్కులలో చాలా వాటికి మూలం ఆ స్థలమే. కాబట్టి నిర్వహణలో మొదటి బాధ్యత పురపాలక సంస్థది. తెలంగాణ పురపాలక చట్టం, 2019 పట్టణాల బడ్జెట్‌లో పది శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలని చెబుతున్నది. సంఘం కూడగట్టే డబ్బు సర్కారు చేయవలసిన పనికి తోడు కావాలి తప్ప, సర్కారు తప్పుకోవడానికి సాకు కాకూడదు. అందుకే ఏ నిధి సేకరణకైనా ముందు వార్డు కార్యాలయానికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, వారు చేసేదేమిటో, చేయలేనిదేమిటో కాగితం మీద తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కును పౌరుల సంస్థే నడుపుతున్నదని మన సమావేశాలలో తరచు ఉదాహరణ చెబుతుంటారు. ఆ సంస్థ 1980లో ఏర్పడిన మాట, పార్కు ఖర్చులో అధిక భాగాన్ని విరాళాలతో భరిస్తున్న మాట నిజమే. అయితే అక్కడ కూడా 843 ఎకరాల నేల నగరానిదే. నిర్వహణ బాధ్యత ఆ సంస్థకు నగరంతో కుదిరిన ఒప్పందం ద్వారా వచ్చింది. ఒప్పందం లేకుండా ఉత్సాహం మీదనే నడిపే పార్కు ఆ ఉత్సాహం ఉన్నన్నాళ్లే బాగుంటుంది.

ఒక్కరోజు కార్యక్రమమా, నెల చందాయా

ఈ పోలికను అంకెలతో చూడాలి. అర్థం కావడానికి మాత్రమే కొన్ని అంకెలు అనుకుందాం. మీరు మీ కాలనీ ధరలు వేసుకుని ఇదే లెక్క కట్టుకోవచ్చు. మాలికి 15,000, కరెంటుకు 3,000, ఎరువులకూ మరమ్మతులకూ 2,000 చొప్పున ఒక పార్కుకు నెలకు 20,000 రూపాయలు కావాలనుకుందాం. ఏడాదికి 2,40,000 అవుతుంది. ఈ డబ్బు కోసం వనభోజనాలు పెట్టి, మనిషికి 250 రూపాయల చొప్పున మూడు వందల కూపన్లు అమ్మితే 75,000 వస్తుంది. వంటకు మనిషికి 150 చొప్పున 45,000, షామియానాకూ కుర్చీలకూ మైకుకూ శుభ్రతకూ కలిపి 12,000 పోతే చేతిలో మిగిలేది 18,000. ఇరవై మంది నెల రోజులు తిరిగి, ఒక రోజంతా నిలబడి పనిచేస్తే పార్కుకు ఒక నెల ఖర్చు కూడా పూర్తిగా రాలేదన్నమాట. అదే వంద ఇళ్లవారు నెలకు రెండు వందలు ఇస్తే ఇరవై వేలు ఏ సందడీ లేకుండా సమకూరుతుంది.

ఈ లెక్క చూసిన తరువాత కార్యక్రమాలే అనవసరమని అనిపించవచ్చు. అది సరికాదు. నెల చందా ఇచ్చే వంద ఇళ్లు ఆకాశం నుంచి ఊడిపడవు. పార్కులో ఒకసారి కూడా కూర్చోని మనిషి దానికి నెలనెలా డబ్బు ఇవ్వడు. కార్యక్రమం పని మనుషులను పార్కులోకి తీసుకురావడం, చందా పని పార్కును నిలబెట్టడం. కాబట్టి కార్యక్రమం ముగిసినప్పుడు ఎంత మిగిలిందని మాత్రమే కాక, ఎంతమంది కొత్తగా నెల చందాకు పేరు రాయించుకున్నారని కూడా చూడాలి. పై ఉదాహరణలో 18,000 మిగలడం కంటే పదిహేను ఇళ్లు కొత్తగా చేరడం మేలు. ఆ పదిహేను ఇళ్ల నుంచి ఏడాదికి 36,000 వస్తుంది, మరుసటి ఏడాది మళ్లీ వస్తుంది.

నెల చందాకూ కష్టాలున్నాయి. ఇంటింటికీ తిరిగి వసూలు చేయడం మూడో నెలకే విసుగు పుట్టిస్తుంది. ఇవ్వని ఇంటికి నాలుగోసారి వెళ్లడం మనసుకు బాధగా ఉంటుంది, ఇరుగుపొరుగు మధ్య ముఖం చాటేసుకునే పరిస్థితి వస్తుంది. ఏడాది మొత్తాన్ని ఒకేసారి తీసుకోవడం, లేదా యూపీఐలో నెలనెలా తనంతట తానే చెల్లింపు జరిగే ఏర్పాటు చేయించడం దీనికి మంచి మందు. అపార్టుమెంట్లు ఎక్కువగా ఉన్న కాలనీలో అయితే ఒక్కో ఫ్లాటు చుట్టూ తిరగకుండా, ఆ భవనాల సంఘాలతో తీర్మానం చేయించి, మెయింటెనెన్స్‌లోనే పార్కు వాటాను కలిపి తీసుకోవడం అన్నింటికంటే సులువు. అద్దెకు ఉన్నవారిని వదిలేసి ఇంటి యజమానులను మాత్రమే అడగడం మన సంఘాలలో చాలాకాలంగా ఉన్న అలవాటు, దానిని మార్చుకోవాలి. సాయంత్రం పూట పార్కులో ఆడుకునే పిల్లలలో సగానికి పైగా అద్దె ఇళ్లవారే అయిన కాలనీలు నాకు తెలుసు. అడిగితే ఆ తల్లిదండ్రులు ముందుగా ఇస్తారు.

కార్యక్రమాలలో ఏది మేలు

కార్తీక వనభోజనాలు మనకు తరతరాలుగా ఉన్న ఆచారం. ఉసిరి చెట్టు కింద కలిసి భోజనం చేయడానికి మనవారికి కొత్తగా నేర్పవలసినది ఏమీ లేదు. జనాన్ని కూడగట్టే శక్తిలో దీనికి సాటి వచ్చే కార్యక్రమం లేదు, ముసలివారూ పసివారూ ఒకే పంక్తిలో కూర్చునే సందర్భం ఇదొక్కటే. డబ్బు మాత్రం పైన చూసినట్లు తక్కువే మిగులుతుంది. వంట సరుకులను ఎవరైనా దాతలు భరిస్తే ఆ లెక్క మారుతుంది. బియ్యం ఒకరు, నూనె ఒకరు, కూరగాయలు ఒకరు ఇచ్చే పద్ధతి మన గుళ్లలో అన్నదానానికి అలవాటైనదే కనుక అడగడానికి మొహమాటం అక్కరలేదు. రుతువును కూడా గమనించాలి. కార్తీకం అక్టోబరు, నవంబరు నెలలలో వస్తుంది. హైదరాబాద్‌లో అప్పటికి వానలు తగ్గి నేల ఆరి ఉంటుంది. కోస్తాలో, ముఖ్యంగా నెల్లూరు వైపు, అది ఈశాన్య రుతుపవనాల కాలం, తుపానుల కాలం. అక్కడ పచ్చిక మీద వందల మందిని కూర్చోబెడితే తడి మట్టి అణగిపోయి గడ్డి వేళ్లకు గాలి అందదు. మా కాలనీలోనే ఒక ఏడాది అకాల వర్షం పడిన మరునాడు కార్యక్రమాన్ని వాయిదా వేయకుండా జరిపించాము. షామియానా గుంజలు పాతినప్పుడు నీటి పైపు రెండు చోట్ల పగిలింది. గడ్డి మళ్లీ పరిపించడానికీ పైపు మార్చడానికీ అయిన ఖర్చు ఆ రోజు మిగిలిన డబ్బును దాటిపోయింది. ఆ నిర్ణయంలో నాకూ భాగం ఉంది కాబట్టి ఈ మాట మరీ మరీ చెబుతున్నాను: గుంజలు పాతే ముందు పైపులు ఎక్కడ వెళుతున్నాయో మాలిని అడగండి, నేల తడిగా ఉంటే కార్యక్రమాన్ని వారం వాయిదా వేయండి.

వనభోజనాల విషయంలో మరొక మాట కూడా చెప్పాలి. మన ప్రాంతంలో కులాలవారీగా వనభోజనాలు జరిపే అలవాటు బాగా పెరిగింది. పార్కు అందరి పన్నులతో నడిచే చోటు కనుక పార్కు పేరున పెట్టే పంక్తి కూడా అందరిదీ కావాలి. పక్క బస్తీ పిల్లలు, వీధులు ఊడ్చే పారిశుధ్య కార్మికులు, పార్కు మాలి కుటుంబం ఆ పంక్తిలో కూపను లేకుండానే కూర్చునేలా ముందే లెక్క వేసుకోవాలి.

మొక్కల సంత నాకు అన్నింటికంటే నచ్చిన కార్యక్రమం. కారణాలు చాలా ఉన్నాయి. తొలకరి పడిన తరువాత, జూన్ చివర నుంచి ఆగస్టు వరకు, ఇంటి ముందు మొక్క నాటాలన్న కోరిక అందరికీ ఉంటుంది. గోదావరి జిల్లాలలోని కడియం నర్సరీల మొక్కలు మన నగరాలన్నిటికీ లారీలలో వస్తూనే ఉంటాయి, ఊరి నర్సరీలవారూ అమ్మకానికి ముందుకు వస్తారు. సంఘం స్వయంగా మొక్కలు కొని అమ్మవలసిన పని లేదు. నర్సరీల వారికి రోజుకు ఇంతని బల్ల అద్దె తీసుకుంటే పెట్టుబడి అక్కరలేదు, అమ్ముడుపోని మొక్కలు ఎండిపోయే భయమూ సంఘానికి ఉండదు. మట్టి కుండలవారినీ, వానపాముల ఎరువు తయారుచేసేవారినీ, విత్తనాలు దాచుకునే ఇల్లాళ్లనూ పిలిస్తే సంతకు నిండుదనం వస్తుంది. వినాయక చవితికి వారం ముందు పెట్టుకుంటే మట్టి విగ్రహాలను కూడా చేర్చవచ్చు. బల్లలను నడక దారి పక్కన వరుసగా వేసుకోవచ్చు కాబట్టి పచ్చికకు దెబ్బ తగలదు. వంటలతో పోలిస్తే చెత్త కూడా తక్కువ. వచ్చే డబ్బు వనభోజనాల కంటే కొంచెం తక్కువైనా, పని సగానికి సగం తగ్గుతుంది. పైగా వచ్చేవారు మొక్కల మీద ప్రేమ ఉన్నవారు కనుక నెల చందా అడగడానికి ఇంతకంటే తగిన జనం మరొక చోట దొరకరు.

ఉదయపు నడక లేదా పరుగు చూడటానికి తేలికగా కనిపిస్తుంది కానీ ఖర్చు దాగి ఉండే కార్యక్రమం ఇది. టీషర్టులు, పతకాలు, వేదిక, బ్యానర్లు కలిపితే ప్రవేశ రుసుమంతా వాటికే పోతుంది. పార్కు దాటి రోడ్డెక్కితే పోలీసు అనుమతి, ట్రాఫిక్ ఏర్పాట్లు, అంబులెన్సు కావాలి. చిన్న కాలనీ పార్కుకు నేను సూచించేది టీషర్టు లేని నడక. పిల్లలు పార్కు లోపలి దారిలోనే చుట్లు తిరుగుతారు. ఒక్కో పిల్లకు తాతయ్యో, మేనత్తో, పక్కింటివారో చుట్టుకు పదో ఇరవయ్యో రూపాయలు ఇస్తామని ముందే మాట ఇస్తారు. చుట్లు లెక్కపెట్టే ఇద్దరు, నీళ్లు ఇచ్చే ఇద్దరు ఉంటే చాలు, వచ్చిన డబ్బు దాదాపు మొత్తంగా పార్కుకే మిగులుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు దీనికి అనువైన కాలం. మార్చి దాటితే వద్దు.

పండుగల సంగతి క్లుప్తంగా చెబుతాను. సంక్రాంతి ముగ్గుల పోటీకి నడక దారి చక్కగా సరిపోతుంది, ఖర్చు లేదు, చిన్న ప్రవేశ రుసుము పెట్టవచ్చు. గాలిపటాల పోటీ మాత్రం చెట్లున్న పార్కులో పెట్టకండి. నిషేధం ఉన్నా చైనా మాంజా ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు, కొమ్మలకు చిక్కిన దారం నెలల తరబడి పక్షుల రెక్కలను కోస్తుంది. బతుకమ్మ ఆడే తొమ్మిది రోజులలో డబ్బు అడగడం నాకు సబబుగా తోచదు. ఆడబిడ్డలు పూలు పేర్చుకుని వచ్చే చోట రసీదు పుస్తకం పట్టుకుని నిలబడకుండా, దీపాలు బాగుచేసి, బతుకమ్మలను వదలడానికి శుభ్రమైన నీళ్ల తొట్టి కట్టించి, ఆ పని పార్కు నిధితో జరిగిందని ఒక బోర్డు పెట్టండి. ఆ బోర్డు చూసినవారు అడగకుండానే ఇస్తారు.

జ్ఞాపకార్థం ఇచ్చే బెంచీ, చెట్టు

తల్లిదండ్రుల పేరున గుడిలో ఫ్యాను, బడిలో గది కట్టించే అలవాటు మనకు ఉంది కాబట్టి పార్కులో బెంచీకి, చెట్టుకు దాతలు దొరకడం కష్టం కాదు. ఒక్కసారి అవసరాలకు ఇది చాలా మంచి మార్గం. అయితే బెంచీ ధర మాత్రమే తీసుకుని పేరు చెక్కించడం పొరపాటు. అయిదేళ్లకు ఆ బెంచీ విరిగినప్పుడు బాగుచేయించే డబ్బు ఉండదు, పేరు ఉంది కనుక తీసేయడానికీ మనసు రాదు. ధరకు తోడు మరమ్మతుల కోసం కొంత కలిపి తీసుకోవాలి. పేరు ఎన్నేళ్లు ఉంటుందో కాగితం మీద రాసుకోవాలి. చెట్టు విషయంలో మూడు వేసవులు దాటేవరకు నీళ్లు పోసే ఖర్చు కూడా విరాళంలో చేరాలి. మూడో వేసవి దాటిన వేప, కానుగ, పొగడ తరువాత తమంతట తామే బతుకుతాయి. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ నాటించమనే దాతలకు నచ్చజెప్పండి, తెలంగాణ ప్రభుత్వమే ఆ మొక్క వద్దని చెప్పింది. పేరు పలకల పరిమాణంపై కూడా పట్టింపు ఉండాలి. అరచేతి వెడల్పు పలక చాలు. పార్కు నడిచి వచ్చిన మనిషికి చెట్లు గుర్తుండాలి కానీ పేర్లు కాదు.

తుపాను వంటి ఆపద తరువాత ఈ మార్గం మరింత బాగా పనిచేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో లెక్కలేనన్ని చెట్లను కూల్చివేసింది. అటువంటి సమయంలో మనుషులు కళ్లెదుట పోయినదాన్ని తిరిగి నిలబెట్టాలన్న తపనతో ఇస్తారు. అప్పుడు కార్యక్రమం అక్కరలేదు, నేరుగా అడగడమే సరైన పని.

కంపెనీల డబ్బు, విదేశాలలో ఉన్నవారి డబ్బు

కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నిర్దేశిత స్థాయి లాభం, టర్నోవర్ లేదా నికర ఆస్తి ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. పర్యావరణ పరిరక్షణ ఆ ఖర్చుకు అనుమతించిన అంశాలలో ఒకటి. వినడానికి ఇది పార్కులకు వరంలా ఉంటుంది. కానీ కంపెనీ నేరుగా చేయకుండా బయటి సంస్థ ద్వారా చేయించాలంటే ఆ సంస్థ రిజిస్టరై ఉండాలి, ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు ఉండాలి, మూడేళ్లు పనిచేసిన చరిత్ర ఉండాలి, కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వద్ద నమోదు సంఖ్య పొంది ఉండాలి. నిన్న మొన్న ఏర్పడిన కాలనీ సంఘానికి ఇవన్నీ ఉండవు. అందువల్ల చిన్న పార్కుకు ఈ దారి వెతకడంలో ఏడాది గడిచిపోతుంది. అయిదారు ఎకరాలు దాటిన పెద్ద పార్కుకు, అదీ పునర్నిర్మాణం వంటి భారీ పనికి మాత్రమే దీనిని నమ్ముకోవచ్చు. కంపెనీ పేరున వెలిసే బోర్డుల పరిమాణం, ఒప్పందం ఎన్నేళ్లు, గడువు ముగిశాక మాలి జీతం ఎవరిది అన్న మూడు విషయాలను పురపాలక సంస్థను కూర్చోబెట్టి ముందే రాయించుకోవాలి.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న కాలనీ పిల్లలు సొంత ఊరి పార్కుకు డబ్బు పంపుతామని ముందుకు రావడం ఇప్పుడు ప్రతి చోటా జరుగుతున్నదే. ఇక్కడ ఒక్క తేడాను జాగ్రత్తగా గమనించాలి. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసుడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కిందకు రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, వారి దగ్గర ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీయులకు ఇచ్చేది) ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళమే అవుతుంది. దానిని తీసుకోవడానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, కింద నమోదు లేదా ముందస్తు అనుమతి ఉండాలి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా తెరవాలి. నమోదుకు మూడేళ్ల అనుభవం, ఆ మూడేళ్లలో అసలు పనుల మీద కనీసం పదిహేను లక్షల ఖర్చు చూపవలసి ఉంటుంది. కాలనీ పార్కుకు ఇది అందని మెట్టు. అటువంటివారు డబ్బు పంపితే మర్యాదగా తిప్పి పంపడమే క్షేమం. వేసవి సెలవులకు ఊరికి వచ్చినప్పుడు పిల్లలతో కలిసి రెండు గంటలు మొక్కలకు పాదులు చేయమని అడగండి. వారికి కావలసినదీ చాలాసార్లు అదే.

వద్దని చెప్పవలసినవి రెండు

పార్కును పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు అద్దెకు ఇస్తే డబ్బు సులువుగా వస్తుంది. రెండు పెళ్లిళ్లతో ఏడాది మాలి జీతం గట్టెక్కుతుందని లెక్క చెప్పేవారు ప్రతి కమిటీలో ఉంటారు. నేను దీనిని పూర్తిగా వ్యతిరేకిస్తాను. అద్దెకు ఇచ్చిన రోజున పార్కు మూసివేయాలి, ఆ సాయంత్రం ఆటకు వచ్చిన పిల్లవాడు గేటు బయటే నిలబడాలి. నేల మనది కాదు కనుక అద్దె వసూలు చేసే హక్కు కూడా సంఘానికి లేదు. పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు 1991లోనే తీర్పు చెప్పింది. ప్రజల కోసం విడిచిన ఖాళీ స్థలం ప్రజలకే ఉండాలన్న సూత్రం ఆ తీర్పులో స్పష్టంగా ఉంది. ఒకసారి అద్దెకు ఇవ్వడం మొదలైతే షెడ్డు వస్తుంది, షెడ్డు వెనుక వంటగది వస్తుంది, కొన్నేళ్లకు పార్కు పేరుతో ఫంక్షన్ హాలు మిగులుతుంది.

రెండోది లక్కీ డ్రా. టికెట్ కొన్నవారిలో ఒకరికి ఫ్రిజ్జో, స్కూటరో ఇస్తామని డబ్బు వసూలు చేయడం లాటరీ చట్టాల పరిధిలోకి వచ్చే వ్యవహారం. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ మంచి పనికైనా నేరమే. బహుమతి ఇవ్వాలనుకుంటే ముగ్గుకో, వంటకో, చిత్రలేఖనానికో, అంటే నైపుణ్యానికి ఇవ్వండి.

ఎటువంటి కాలనీకి ఏది

యాభై ఇళ్లున్న పాత కాలనీలో, అందరూ ఒకరికొకరు తెలిసిన చోట, నేను ముందు నెల చందాతో మొదలుపెట్టమంటాను. అక్కడ కార్యక్రమం ఏడాదికి ఒకటి చాలు, అది వనభోజనాలైతే మంచిది. అపార్టుమెంట్లు నిండిన కొత్త ప్రాంతంలో, పక్క ఫ్లాటువారి పేరు కూడా తెలియని చోట, ముందు మొక్కల సంత, పిల్లల చుట్ల నడక వంటివి రెండు మూడు జరిపి, ఆ తరువాత భవనాల సంఘాలతో మాట్లాడటం మేలు. నడకకు వచ్చేవారు నాలుగైదు కాలనీల నుంచి వచ్చే పెద్ద పార్కులో ఇంటింటి చందా సాధ్యం కాదు. అక్కడ నడకవారి సంఘం ఏడాది సభ్యత్వం తీసుకోవడం, జ్ఞాపకార్థం బెంచీలు, వీలైతే కంపెనీ ఒప్పందం అనే మూడూ కలవాలి. సభ్యత్వం లేనివారికి గేటు మూయకూడదన్న షరతు మాత్రం మొదటి తీర్మానంలోనే రాసుకోవాలి. డబ్బు ఇవ్వగల ఇళ్లు తక్కువగా ఉన్న బస్తీ పార్కుకు నెలకు ఒక ఆదివారం శ్రమదానమే అసలైన నిధి. కలుపు తీత, పాదులు చేయడం, రంగులు వేయడం కూలి ఇచ్చి చేయిస్తే అయ్యే ఖర్చంతా అక్కడ ఆదా అవుతుంది, ఆ లెక్కను రాసి వార్డు కార్యాలయానికి చూపిస్తే మోటారో, ఊయలో ఇవ్వమని అడగడానికి బలం వస్తుంది.

కార్యక్రమం ఏదైనా కొన్ని నియమాలు తప్పవు. మైకుకు రాతపూర్వక అనుమతి ఉండాలి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకరు వాడకూడదు, నివాస ప్రాంతంలో పగటి శబ్ద పరిమితి 55 డెసిబెల్స్. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలకు నిషేధం ఉంది కనుక విస్తరాకులు తెప్పించుకోవాలి. కొత్త బోరు వేయాలన్నా, చెట్టు కొట్టాలన్నా నీరు, భూమి, చెట్ల సంరక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి.

ఇక లెక్కల సంగతి. కమిటీలో ఎవరిదో ఒకరి సొంత ఫోన్ నంబరుకు క్యూఆర్ కోడ్ పెట్టి గేటుకు అంటించిన ఒక సంఘాన్ని నేను దగ్గరగా చూశాను. ఆ మనిషి ఒక్క రూపాయి తీసుకోకపోయినా అనుమానం పుట్టింది, ఆ అనుమానంతోనే సంఘం రెండు ముక్కలైంది. ఏడుగురు కలిస్తే 2001 నాటి సొసైటీల చట్టం కింద సంఘాన్ని నమోదు చేయవచ్చు. సంఘం పేరున ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలు ఉండేలా చూసి, ఆ ఖాతా క్యూఆర్ కోడ్ మాత్రమే బయట పెట్టాలి. దాతలకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇప్పించాలనుకుంటే సభ్యుల సౌకర్యాల కోసమే ఏర్పడిన కాలనీ సంఘానికి ఆ గుర్తింపు రావడం కష్టం కాబట్టి, ప్రజలందరి కోసం అని స్పష్టంగా రాసుకున్న వేరే పార్కు సంరక్షణ సంఘం పెట్టుకోవాలి. అటువంటి సంఘం డబ్బును గణేశ మండపానికో, గుడి ఉత్సవానికో కలపకూడదు. మత సంబంధమైన ఖర్చు ఆదాయంలో అయిదు శాతం దాటితే ఆ గుర్తింపుకే ముప్పు. రెండు వేలకు మించిన నగదు విరాళానికి మినహాయింపు ఉండదనీ, కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఎంత ఇచ్చినా ఆ లాభం రాదనీ దాతలకు ముందే చెప్పండి. తరువాత తెలిస్తే మోసపోయామనుకుంటారు.

ప్రతి నెల అయిదో తేదీలోపు, వచ్చినదెంత, పోయినదెంత, ఎవరికి ఎంత ఇచ్చామన్నది ఒక పేజీలో రాసి గేటు పక్కన బోర్డు మీద అంటించాలి. అందులో మాలి జీతం మొదటి వరుసలో ఉండాలి, ఆ నెల అతనికి జీతం ఏ తేదీన అందిందో కూడా రాయాలి.